కోదాడ దాకానే సినిమా

అందరికీ తెలిసిన సినిమా కావాలంటే నా దగ్గరికి రానక్కర్లేదు. ఈ మాట కొట్టు గోడ మీద రాయించాలని చాలాసార్లు అనుకున్నాను. రాయిస్తే వచ్చే నలుగురు కూడా రారని ఊరుకున్నాను. సూర్యాపేట బస్టాండు ఎదురుగా, టీ హోటలుకూ చెప్పుల దుకాణానికీ నడుమ ఉండేది నా వీడియో లైబ్రరీ. ముందు అరల నిండా జనం అడిగే తెలుగు, హిందీ క్యాసెట్లు. వాటితో నా పొట్ట గడిచేది. వెనక అరల్లో పాత హాలీవుడ్ సినిమాలు ఉండేవి. నలుపు తెలుపువి, అందులోనూ పేరు పడనివి. నేను బతికింది వాటితో.

హైదరాబాదులో చదువుకొమ్మని మా నాన్న పంపిస్తే ఆదివారం పొద్దుటి ఆటలు చూసి వచ్చినవాణ్ణి నేను. అక్కడ నాకు తెలిసొచ్చింది ఒకటే. పెద్ద పేరున్న సినిమా గురించి దారిన పోయేవాడు కూడా చెప్తాడు. పేరు లేని మంచి సినిమాను పట్టుకుని, దానికి తగిన మనిషిని వెతికి, ఇద్దరినీ కలపడమే పని. అన్నతో పొలం తగాదాలో ఉన్న ఒక ప్లీడరు గారికి, ఒకే కోటును వంతులేసుకుని తొడుక్కునే అన్నదమ్ముల సినిమా ఇచ్చాను. క్యాసెట్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేదు. అంటే పని చేసిందన్నమాట.

పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళు చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మిర్యాలగూడ నుంచి ఆండాళు టీచరమ్మ వచ్చేది. నేను నోరు తెరవకముందే తనకేం కావాలో చెప్పి తీసుకుపోయేది. ఎప్పుడు తిరిగి ఇస్తుందో మాత్రం చెప్పేది కాదు. రిటైరైన మనిషి, బడిలో నాకు ఇంగ్లీషు చెప్పింది, ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు. వీళ్ళందరిలోకీ నన్ను ఎక్కువ సతాయించిందీ, నాకు ఎక్కువ ఇష్టమైందీ కోదాడ జనార్దనన్న.

జనార్దనన్నకు కోదాడలో రైస్ మిల్లు. పనిమీద తరచూ హైదరాబాదు వెళ్ళి, మధ్యాహ్నం బయల్దేరే వీడియో కోచ్‌లో తిరిగి వచ్చేవాడు. ఎనభైల చివర ఆ బస్సులంటే మోజు. డ్రైవరు వెనక టీవీ, దాని కింద వీసీఆర్, కిటికీలకు ఎర్ర కర్టెన్లు. విజయవాడ పోయే ఆ బస్సు సూర్యాపేటలో టీకి ఆగేది. అందరూ టీకి దిగితే ఈయన నా కొట్టుకు వచ్చేవాడు.

"ఏమన్నా దొరికిందా జగదీశ్? ఒక్క ముక్క చెప్పు చాలు."

నేను ఒక్క వాక్యం చెప్పేవాణ్ణి. క్యాసెట్ చంకలో పెట్టుకుని పోయేవాడు. బస్సు ఆయన బామ్మర్దిది కాబట్టి, ఎవరు గొణిగినా సూర్యాపేట దాటాక వీసీఆర్‌లో ఆయన సినిమానే పడేది. భోజనాలు చేసి ఉన్న జనం అప్పటికే సగం మంది నిద్రలో ఉండేవారు. గంట దాటి కొంతసేపటికి కోదాడ వచ్చేది. సినిమా నడుస్తుండగానే ఆయన దిగిపోయేవాడు. మిగతాది ఖాళీ రోడ్డుకూ, నిద్రపోయే జనానికీ ఆడేది. మర్నాడు బస్సు క్లీనరు తులసీరాం క్యాసెట్ తెచ్చి నాకు ఇచ్చేవాడు. మోతె పక్క తండా వాడు, మాట తక్కువ.

అంటే ఆ మహానుభావుడు ఏ సినిమాకూ ముగింపు చూడలేదు. అక్కడే నాకు ఒళ్ళు మండేది. ఇంటికి పోయి, చూసిన సగాన్ని విజయలక్ష్మి వదినెకు అన్నం తినేటప్పుడు కొంచెం కొంచెంగా నాలుగైదు రోజులు చెప్పేవాడు. మిగతా సగం సొంతంగా కల్పించేవాడు. వదినె ఒక్క ఇంగ్లీషు సినిమా కూడా కళ్ళతో చూసి ఎరగదు. కానీ ఆ పూట కూర ఏదో మర్చిపోయినా ఆయన చెప్పిన సినిమా ఏదీ మర్చిపోలేదు.

"తీసినోడు పిచ్చోడా అన్నా? ఒక్కసారి ఇక్కడ కూర్చొని చివరిదాకా చూడరాదే," అని ఎన్నిసార్లు అడిగానో.

"కోదాడ వచ్చినాక బస్సులో కూర్చొని ఏం చెయ్యాలి? ఇంట్లో ఆమె అన్నానికి ఎదురుచూస్తా ఉంటది. ముగింపుదేముంది, మనమే కట్టుకుందాం."

ఆయన కట్టే ముగింపులు నాకు తెలుసు. వదినె చెప్పి నవ్వేది. ఆయన ముగింపులో హంతకుడు కూడా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు.

ఒక ఏడు చలికాలంలో నేను ఇచ్చింది దీపాలవాడి సినిమా. పొగమంచు పట్టిన ఒక ఓడరేవు ఊళ్ళో సాయంత్రం పూట వీధి దీపాలు వెలిగించేవాడి కథ. నిచ్చెన భుజాన వేసుకుని వీధి వీధి తిరుగుతాడు. ఒక సందులో మాత్రం అతను వెళ్ళేసరికే దీపం వెలిగి ఉంటుంది. ఎవరు వెలిగిస్తున్నారో చూడాలని రోజురోజుకూ కాస్త ముందుగా బయల్దేరతాడు. ఎంత ముందుగా వెళ్ళినా వెలిగే ఉంటుంది. జనార్దనన్నకు నేను చెప్పింది, "దీపాలు వెలిగించేవాడి కథ," అని ఒక్క ముక్కే. "బాగుంది," అని తీసుకుపోయాడు.

కోదాడలో బస్సు ఆగితే ఆయన లేవలేదు. సినిమాలో మునిగిపోయాడని తులసీరాం కాసేపు చూశాడట. తర్వాత భుజం తట్టాడు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఎక్కడ ఆగిందో, చివ్వెంల దగ్గరో, మునగాల దగ్గరో, ఎవరూ చెప్పలేకపోయారు. పక్క సీటులో ఎవరూ లేరు. మనిషి పోయిన సంగతి తెలియని సినిమా ముందు టీవీలో ఆడుతూనే ఉందట.

నేను దినాలకు వెళ్ళి వచ్చాను. వదినె మొహం చూడలేకపోయాను. తులసీరాం తెచ్చిన ఆ క్యాసెట్‌ను పై అరలో వెనక్కి తోసేశాను. నాకు మంచి స్నేహితుడు పోయాడు. అంత చక్కగా నాతో పోట్లాడే మనిషి మళ్ళీ దొరకడని ఏడ్చాను కూడా.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున వదినె ఒక్కతే కోదాడ నుంచి వచ్చింది. స్టూలు వేశాను. టీ తెప్పిస్తానంటే వద్దంది. కొంగు భుజం చుట్టూ లాక్కుని కాసేపు వెనక అరల వైపు చూస్తూ కూర్చుంది.

"జగదీశ్, ఆ రోజు ఆయనకు ఏ సినిమా ఇచ్చావో నువ్వు చెప్పొద్దు. నేను చెప్తాను, విను. అదే అయితే అదే అను. కాకపోతే కాదను. నా మీద జాలిపడి మాత్రం అబద్ధం ఆడకు."

"ఎందుకు వదినె ఇప్పుడు అవన్నీ?"

"మా తమ్ముడు నన్ను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకపోతానంటన్నాడు. వంటింట్లో నాలో నేను మాట్లాడుకుంటన్నానంట. నాకు పిచ్చో, నిజంగా ఆయనే వస్తన్నాడో నాకు తెలవాలి. నువ్వు తప్ప చెప్పేవాళ్ళు లేరు."

తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. పొగమంచు, ఓడరేవు, నిచ్చెన భుజాన వేసుకున్న మనిషి. ఒక సందులో ముందే వెలిగి ఉండే దీపం. అంతవరకు నేను ఏదో సర్దుకుని వింటున్నాను. తులసీరాం చెప్పాడేమో అనుకున్నాను. తర్వాత ఆమె అంది, "ఆ దీపం గాజు మీద లోపలి పక్క మసి ఉంటది. మసిలో ఒక వేలి గీత ఉంటది. చిన్న వేలు. అతను నిచ్చెనెక్కి తన వేలు పక్కన పెట్టి చూసుకుంటాడు."

నాకు భయమేసింది. ఆ గీత తెర మీద కనురెప్ప వాల్చి ఎత్తేంతసేపు కనిపిస్తుంది. కళ్ళప్పగించి చూసేవాడికి తప్ప కనపడదు. దాని గురించి నేను ఏ మనిషితోనూ మాట్లాడలేదు.

"తులసీరాం ఏమన్నా చెప్పిండా వదినె?"

"ఆ పిలగాడు ఆ రోజు ఏడవడం తప్ప మాట్లాడలేదు. మళ్ళీ మా గడప తొక్కలేదు."

"మరి ఎట్ల చెప్తడు అన్న? కనపడతడా?"

"కనపడడు. నేను కంచంలో అన్నం పెట్టుకునేటప్పుడు వెనక గోడ దగ్గర, ఆయన కూర్చునే చోట్నుంచి మాట వస్తది. నేను తిరగను. ఒకసారి తిరిగితే ఆగిపోయింది. మునుపటి లాగే కొంచెం చెప్పి, మిగతాది రేపు అంటాడు." వదినె నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. అదేనా?"

"అదే వదినె. అక్షరం పొల్లు పోలేదు."

ఆమె ఏడవలేదు. మూట దించుకున్న మనిషిలా వెనక గోడకు ఆనుకుంది. కాసేపటికి అడిగింది, "ఇంకా ఎంత ఉంది సినిమా?"

"సగం పైనే ఉంది."

"సగం పైనే ఉందా," అని మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు భయం ఇంకాస్త పెరిగింది.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు దీపాలవాడి కథ అయిపోయింది. జనార్దనన్న ముగింపు కట్టేశాడు. ఆ దీపం వెలిగించేది దీపాలవాడి కూతురేనట. నాన్న త్వరగా ఇంటికి రావాలని అతని పనిలో ఒక దీపం తగ్గిస్తోందట. ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళి అన్నం తిన్నారట. అసలు సినిమాలో అలా లేదు. అసలు ముగింపు ఏమిటో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. నిజం చెప్పొద్దూ, జనార్దనన్నదే బాగుంది.

"అప్పట్నుంచి మాట లేదు," అంది వదినె. "చెప్పేదానికి సినిమా లేదు కదా. ఇంకొకటి ఇయ్యి జగదీశ్. ఆ బస్సులో పెట్టించు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. బతికున్నవాళ్ళకు సరైన సినిమా చెప్పడానికే నేను తల పట్టుకుంటాను, ఇక పోయిన మనిషికి ఏం చెప్పను? అయినా ఆమె అట్లా కూర్చుని చూస్తుంటే కాదనలేక అరల ముందు నిలబడ్డాను. శ్మశానం ఉన్న సినిమాలు పక్కన పెట్టాను. విధవలున్నవి పెట్టాను. యుద్ధాలు, ఉత్తరాలు, ఓడలు మునగడాలు అన్నీ పక్కన పెట్టాను. అంతవరకు గమనించలేదు, పాత హాలీవుడ్ సినిమాల్లో చావు లేనిది దొరకడం కష్టం. చివరికి అన్నదమ్ముల కోటు సినిమా దొరికింది. అందులో ఒక్క ముసలి గుర్రం తప్ప ఎవరూ చావరు.

తులసీరాంను పిలిచి, బస్సు సూర్యాపేట దాటాక వెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు.

"ఆ సీటు ఖాళీగనే ఉన్నదా?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

"ఖాళీగనే ఉంటదన్న. ఎవలన్న కూసుంటె సల్లగున్నదని లేస్తున్నరు. ఇగ నేనే తువాల ఏసి పెట్టిన." టీ గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "కోదాడల డోర్ తీస్తే జర సేపు ఆగుతనన్న. మెట్టు కిందికి వంగుతది, మనిషి దిగినట్టు. గప్పుడు మూస్త. డ్రైవర్‌కు సెప్పలే."

ఆ వారంలోనే వదినె కబురు పంపింది. కోటు సినిమా మొదలైందట. తమ్ముడు చిన్నవాడు కాబట్టి కోటు చేతులు మడిచి తొడుక్కుంటాడని చెప్పి జనార్దనన్న నవ్వాడట.

అలా చాలాకాలం నడిచింది. పిచ్చి పని అని నాకు తెలుసు. కానీ దానికి అలవాటు పడ్డాను, ఇంకా చెప్పాలంటే దాని కోసం ఎదురుచూశాను. ఎడారిలో హోటలు నడిపే ఆవిడ, గది దాటి రాని ఒక్క అతిథి. కళ్ళు పోయిన పియానో మాస్టారు. జడ్జిగారే దొంగ అని మొదట్లోనే తెలిసిపోయే కోర్టు సినిమా. ఒక్కొక్కటి బస్సెక్కించాను. వదినె వచ్చి జనార్దనన్న ఏమన్నాడో చెప్పేది. "జగదీశ్ ఈసారి మంచిది పట్టాడు," అన్నాడంటే ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టు ఉండేది. కోర్టు సినిమా నచ్చలేదని, "వాడికి నిద్ర సరిపోవటం లేదా?" అన్నాడని విన్నప్పుడు కొట్టులో ఒక్కణ్ణే కూర్చుని ఆయనతో వాదించాను. పక్క దుకాణం వాడు తొంగి చూశాడు. వదినెను దవాఖానకు తీసుకుపోతామన్నారు, నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం షట్టరు దించేటప్పుడు ఒక్కోసారి వెనక అరల దగ్గర ఎవరో నిలబడి పేర్లు చదువుతున్నట్టు ఉండేది. తిరిగి చూసేవాణ్ణి కాదు. ఆ పద్ధతి వదినె దగ్గర నేర్చుకున్నదే.

ఈలోగా కేబుల్ టీవీ వచ్చింది. ముందు అరల క్యాసెట్లు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. బస్సులో మాత్రం టీవీ ఇంకా ఉంది. తొంభై రెండో, మూడో, ఎండాకాలం ముందు వదినె వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

"ఆయన ముగింపులు చెప్పలేకపోతన్నాడు జగదీశ్."

"అంటే?"

"సగం దాకా బాగానే చెప్తాడు. తర్వాత ఆగిపోతాడు. ఏమై ఉంటది విజయా, అని నన్నే అడుగుతాడు. నాకు తెలియదంటే ఊరుకుంటాడు. మళ్ళీ మర్నాడు అదే అడుగుతాడు. మొన్న నేనే ఒక ముగింపు చెప్పాను. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నారని. అట్లా ఉండదులే, అన్నాడు. ఆ మాట ఆయన నోటి వెంట నేను వింటాననుకోలేదు."

నేను చేతిలోని క్యాసెట్ బల్ల మీద పెట్టాను.

"బతికున్నన్నాళ్ళు నా కోసం సగంలోనే దిగాడు. పోయినాక కూడా దిగుతన్నాడు. రానీ అనుకున్నాను, నాకు బాగుండింది. మాట వింటుంటే అన్నం సహించేది. కానీ ఆయనకు బాగుండాలి కదా. తెలవక తిరుగుతన్నాడు." వదినె కళ్ళు తుడుచుకుంది. "నీ దగ్గర ఉన్నవాటిల్లో లేవబుద్ధి కాని సినిమా ఏదో అది ఇయ్యి. కోదాడ వచ్చినా లేవకూడదు."

"లేవకపోతే మళ్ళీ నీ దగ్గరికి రాడేమో వదినె."

"తెలుసు. నాకు తెలవక అడుగుతన్నానా?"

అటువంటి సినిమా ఒకటే ఉంది. అది నా అరలో లేదు, మిర్యాలగూడలో ఆండాళు టీచరమ్మ బీరువాలో ఉంది. తీసుకుపోయి ఏళ్ళయింది. మర్నాడే వెళ్ళాను. వరండాలో కూర్చుని మినప్పప్పు ఏరుతోంది. క్యాసెట్ పేరు చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"అది ఇయ్యను. వేరేది ఏదైనా తీస్కపో. ఎవరికి కావాలె?"

అబద్ధం చెప్పాలనే వెళ్ళాను. ఆమె ముందు నిలబడితే బడి రోజుల్లోలాగే నోట్లోంచి నిజం వచ్చేసింది. మొత్తం చెప్పాను. మెట్టు కిందికి వంగడం కూడా చెప్పాను. టీచరమ్మ నన్ను వెక్కిరించలేదు. లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో క్యాసెట్ ఉంది.

"మా ఆయన పోయినంక దీన్ని నేను చానాసార్లు చూసిన జగదీశ్. నడిమిట్ల ఒక్కసారి గూడ లేవలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయినై గాని లేవలేదు. ఆమె బాగా ఆలోచించుకున్నదా?"

"ఆలోచించుకున్నది టీచరమ్మా."

"అయితే ఆమెను ఆ బస్సులనే కూసోమని చెప్పు. ఇంట్ల ఉండి ఎదురుచూడొద్దు. ఎదురుచూస్తే ఆయన లేస్తడు."

కాబట్టి ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వదినె కోదాడ నుంచి సూర్యాపేట వచ్చింది. వీడియో కోచ్ టీకి ఆగితే ఇద్దరం ఎక్కాం. తువాలు పరిచిన సీటు కిటికీ పక్కది. వదినె ఆ పక్క సీటులో కూర్చుంది. నేను వాళ్ళ వెనక కూర్చున్నాను. "వాళ్ళ వెనక" అని ఇప్పుడు కూడా చేయి దానంతట అదే రాస్తోంది. తులసీరాం నా చేతిలోంచి క్యాసెట్ తీసుకుని, వదినెకు దణ్ణం పెట్టి, వీసీఆర్‌లో పెట్టాడు.

అది ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే అమ్మాయి కథ. చిన్న ఊరు. రోజూ ఒకే వేళకు ఒక మగ గొంతు ఫోన్ చేసి ఒక నంబరు ఇవ్వమంటుంది. ఆ నంబరున్న ఇల్లు ఎప్పుడో కాలిపోయింది. తీగ కూడా లేదు. అమ్మాయి రోజూ, "ఎవరూ పలకడం లేదండీ," అంటుంది. అతను రోజూ, "రేపు మళ్ళీ చేస్తాను," అంటాడు. వినగా వినగా ఆ గొంతు మీద ఆమెకు మమకారం పుడుతుంది.

బస్సులో ఎవరో పాటలు వెయ్యమని గొణిగారు. తులసీరాం విననట్టు నిలబడ్డాడు. చివ్వెంల దాటింది. కర్టెన్ల సందుల్లోంచి ఎండ పడుతూ పోతూ ఉంది. నేను సినిమా చూడలేదు, ఆ ఖాళీ సీటునే చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనపడలేదు. తువాలు మీద మాత్రం ముడత ఒకచోట లోపలికి నొక్కుకుని ఉంది. బస్సు ఎంత కుదిపినా ఆ ముడత కదల్లేదు. ఒకసారి తెర మీద అమ్మాయి చేతిలోంచి టీ కప్పు జారిపడితే, "ప్చ్," అని వినిపించింది. సినిమాలో ఎవరికైనా చిన్న నష్టం జరిగితే జనార్దనన్న అలాగే అనేవాడు. వదినె తల తిప్పలేదు. తన చేయి మాత్రం రెండు సీట్ల నడుమ ఉన్న కడ్డీ మీద పెట్టింది.

మునగాల దాటాక ఆమె కూడా సినిమాలో పడింది. జీవితంలో మొదటిసారి చూస్తున్న ఇంగ్లీషు సినిమా. మాటలు అర్థం కావు, అయినా అర్థమవుతోంది. నాకు తెలుస్తోంది. పెదవులు కదులుతున్నాయి. తను చూస్తున్నది ఎవరికో చెప్తున్నట్టు ఉంది, లేదా ఎవరో చెప్తుంటే ఊ కొడుతున్నట్టు ఉంది.

తెర మీద ఆ అమ్మాయి చివరికి తెగించింది. తీగ లేని ఆ నంబరుకే ప్లగ్గు పెట్టింది. ఫోన్ మోగడం మొదలైంది. అటు పక్క ఎవరు ఎత్తుతారో అని చూసేవాడు ఊపిరి బిగబట్టే చోటు అది. సరిగ్గా అప్పుడు బస్సు నెమ్మదించింది. కోదాడ.

తులసీరాం తలుపు తీశాడు. దిగేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, సంచులు తీసుకుని దిగిపోయారు. వదినె లేచింది. నిలబడి ఆ సీటు వైపు తిరిగింది. ఇన్నేళ్ళు తిరగని మనిషి పూర్తిగా తిరిగి చూసింది. తువాలు మీద ముడత అలాగే ఉంది. ఆమె ఏదో అనబోయి ఆగింది. పిలిస్తే వస్తాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నడవలో మెల్లగా, చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి దిగింది. మెట్టు ఒక్కసారి వంగింది. అది ఆమె బరువుకే.

తులసీరాం తలుపు పట్టుకుని అలవాటుగా ఆగాడు. మెట్టు వైపు చూస్తున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. లోపల ఫోన్ మోగుతూనే ఉంది. కింద రోడ్డు మీద వదినె కూడా ఆ మెట్టునే చూస్తూ నిలబడింది. ఆమె మొహం చూశాను. ఆ ఒక్క క్షణం ఆయన దిగాలనే ఆమె కోరుకుంది. ప్రమాణం చేసి చెప్పగలను. తర్వాత తనే ముందుకు వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది.

"వేసెయ్యి తులసీరాం. ఆయన సినిమా చూస్తన్నాడు."